యంత్రం లెక్కలో పడని ప్లేట్‌లెట్లు

వానాకాలం జ్వరాలు మొదలయ్యాయంటే నరసరావుపేటలో ఏ ఆస్పత్రి ముందు నిలబడినా ఒకటే ప్రశ్న: "కౌంట్ ఎంతొచ్చింది?" మాచర్ల, గురజాల పల్లెల నుంచి వచ్చినవాళ్లు కూడా ప్లేట్‌లెట్ల అంకె తడుముకోకుండా చెబుతారు. లక్షన్నరకు తగ్గితే గుబులు. యాభై వేలంటే ఇక గుంటూరు ప్రయాణమే. డెంగీ పుణ్యమా అని ఆ అంకె ప్రతి ఇంటికీ తెలిసింది.

జ్వరమేమీ లేకపోయినా పుట్టుకతోనే ఆ అంకె తక్కువగా ఉండేవాళ్లు కొద్దిమంది ఉంటారు. వాళ్ల కోసం రక్తపు స్లైడు మీద యాంటీబాడీ వేసి చూడటం నా పని. ఈ వారం ఆ పని గురించి చెబుతాను.

ఆ యాంటీబాడీ వెతికేది మయోసిన్ అనే ప్రోటీన్‌ను. మయోసిన్ అనగానే కండ గుర్తొస్తుంది. కండతో సంబంధం లేని కణాల్లోనూ దాని చుట్టం ఒకటుంది. పేరు నాన్‌మజిల్ మయోసిన్. యాక్టిన్ పోగులను పట్టి లాగే మోటార్ ప్రోటీన్ ఇది. కణం రెండయ్యేటప్పుడు నడుమును నొక్కి విడదీసేది ఇదే, గాయం మీద గడ్డకట్టిన రక్తాన్ని ముడిచి బిగించేదీ ఇదే. ప్లేట్‌లెట్లలో ఇలా ముడుచుకునే ప్రోటీన్ ఉందని 1959లో స్విట్జర్లాండ్‌లో బెటెక్స్-గాలండ్, ల్యూషర్ చూపారు. 1976లో ఫుజివారా, పొలార్డ్ మయోసిన్‌ను పట్టుకునే యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి మనిషి కణాల మీద వేశారు. విడిపోతున్న కణం నడుమున ఆ మెరుపు కనబడింది. నేను ఇవాళ చేస్తున్నది ఆ పనికి కొనసాగింపే.

ఈ ప్రోటీన్‌లో 'ఎ' అనే రకాన్ని తయారుచేసే జన్యువు ఎం.వై.హెచ్.9. మే-హెగ్లిన్ అని వైద్యులు ఏనాటినుంచో పిలుస్తున్న జబ్బుకు ఆ జన్యువులోని లోపమే కారణమని 2000లో తేలింది. ఈ లోపం ఉంటే ప్లేట్‌లెట్లు తక్కువగా తయారవుతాయి, తయారైనవి భారీగా ఉంటాయి. మామూలు ప్లేట్‌లెట్ రెండు మూడు మైక్రాన్లుంటే, వీళ్లలో కొన్ని ఎర్రకణమంత ఉంటాయి. సైజును బట్టి లెక్కపెట్టే యంత్రం వాటిని ఎర్రకణాల ఖాతాలో వేసేస్తుంది. దాంతో అసలే తక్కువున్న అంకె ఇంకా తక్కువగా అచ్చవుతుంది. దాన్ని నమ్మి రోగనిరోధక శక్తి ప్లేట్‌లెట్లను తినేస్తోందనుకుని స్టెరాయిడ్లు ఇచ్చిన సందర్భాలు, ప్లీహాన్ని తీసేసిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఈ జబ్బుకు ఆ రెండూ పనిచేయవు. అనవసరంగా ఒక అవయవం పోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక స్లైడు సంగతి. గాలికి ఆరిన రక్తపు పూతను, అంటే స్మియర్‌ను, చల్లటి మిథనాల్‌లో ముంచి తీస్తాం. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ముందు సీరం పరుస్తాం. ఆ తర్వాత మయోసిన్ యాంటీబాడీ బొట్టు. అది ఆరిపోయిందా, స్లైడు పనికిరాదు. అందుకే తడి దూది పెట్టిన డబ్బాలో మూతవేసి ఉంచుతాం. కడిగాక, మొదటిదాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీ, ఆకుపచ్చగా వెలిగేది. మళ్లీ కడుగుడు. కడగడంలో తొందరపడితే స్లైడంతా పచ్చగా మెరిసి ఏమీ తేలదు.

చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద న్యూట్రోఫిల్ అనే తెల్లకణాన్ని వెతుకుతాను. ఆరోగ్యవంతుడి తెల్లకణంలో పచ్చదనం మంచు పరిచినట్టు సమంగా ఉంటుంది. లోపమున్నవారిలో ముద్దలు ముద్దలుగా, కొన్నిసార్లు చిన్న చుక్కలుగా పోగవుతుంది. మామూలు లీష్‌మన్ రంగులో ఈ ముద్దలు లేత నీలంగా ఉండీ లేనట్టు కనిపిస్తాయి, చాలాసార్లు కంటికి ఆనవు. యాంటీబాడీ వేస్తే దాక్కునే వీలుండదు.

యాంటీబాడీనీ గుడ్డిగా నమ్మకూడదు. సీసా మీద రాసింది ఒకటి, అది పట్టుకునేది మరొకటి కావచ్చు. కొత్త సీసా వచ్చినప్పుడల్లా, ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి చూపే బ్లాట్ మీద రెండు వందల కిలోడాల్టన్ల పైచిలుకు దగ్గర గీత వచ్చిందో లేదో చూస్తాను. రోగి స్లైడు పక్కన ఆరోగ్యవంతుడి స్లైడు, రెండో యాంటీబాడీ మాత్రమే వేసిన స్లైడు ఉండాల్సిందే. ఆ రెండూ లేకుండా రిపోర్టు మీద సంతకం చేయను.

ఈ లోపం ఉన్నవారిలో కొందరికి వయసు పెరిగేకొద్దీ వినికిడి తగ్గుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. కొందరిలో ఇంట్లో ఎవరికీ లేకపోయినా కొత్తగా పుడుతుంది. ముందే తెలిస్తే కిడ్నీలను గమనించుకుంటూ ఉండొచ్చు, కాన్పుకో ఆపరేషన్‌కో డాక్టరు సిద్ధంగా ఉండొచ్చు.

ఈ పరీక్షకు రోగి హైదరాబాద్ దాకా రానక్కర్లేదు. ఆరిన స్మియర్లు పోస్టులో తెప్పించుకుని జబ్బు గుర్తించే పద్ధతిని జర్మనీలో గ్రైఫ్స్‌వాల్డ్ వాళ్లు నిలబెట్టారు. పల్నాడు ల్యాబుల్లో పనిచేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి: జ్వరం తగ్గి నెలలైనా అంకె పెరగకపోతే, కౌంట్ మళ్లీ యంత్రంలో పెట్టేముందు ఒక స్మియర్ తీసి మీ కళ్లతో చూడండి. ప్లేట్‌లెట్లు ఎర్రకణాలంత కనబడితే, రంగు వేయని స్లైడ్లు రెండు పక్కన పెట్టి, ఆ సంగతి డాక్టరు గారికి చెప్పండి.