ఆటకు ముందు మాట

నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవి. ఆ గడ్డమీద నిలబడి పులిజూదం ఆట గురించి చెప్పుకోవడం నాకెంతో ఇష్టం. 3 పులులు, 15 మేకలు, త్రికోణపు గీతల మీద 23 కూడళ్లు. మన పాత గుళ్ల బండల మీద ఈ గీతలు చెక్కి ఉంటాయి. బండ లేకపోతే సుద్దముక్క, చింతగింజలు చాలు. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. పులి పక్కనున్న మేక మీదుగా దూకి అవతలి ఖాళీలో వాలితే మేక పోయినట్టే. పులులన్నీ కదల్లేకపోతే గెలుపు మేకలది.

ఇంతవరకు ఎక్కువమందికి ఒకటే. మేకలన్నీ దిగకముందే పులి చంపొచ్చా? దిగిన మేకను అప్పుడే జరపొచ్చా? ఒకే ఎత్తులో రెండింటిని మింగొచ్చా? ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు? ఇవి ఊరికో తీరు, ఇంటికో తీరు. పులికి వరుస దూకుళ్లు ఇస్తే మేకలు నిలవడం కష్టం. మేకలకు మొదటినుంచే కదిలే వీలిస్తే పులికి ఊపిరాడదు. ఈ తూకం ఎరిగి, మొదటి మేక దిగకముందే అన్నీ తేల్చి, మధ్యలో ఎవరికోసమూ మాట మార్చకుండా ఆట నడిపే పెద్దమనిషిది గొప్ప విద్య.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను నడిపేవాళ్లూ పుస్తకంలోని నియమాలకు తమ బల్ల దగ్గరి నియమాలు కలుపుకుంటారు. మన అరుగుల మీది పెద్దలకు పుస్తకం కూడా లేదు. మీ ఇంటి పెద్దలు ఏ నియమంతో ఆడేవారో అడగండి, రాసిపెట్టండి, పిల్లలతో అలాగే ఆడండి.