‘సియాసత్’ అనే ఒక్క మాట: బహాయీ గ్రంథాలలో మతమూ రాజ్యమూ

బహాయీ మత స్థాపకుడు బహాఉల్లాహ్ అక్కాలో ఉన్న కాలంలో వెలువరించిన రచనలలో ‘ఇష్రాఖాత్’ ఒకటి. అందులో ఎనిమిదవ ఇష్రాఖ్ చాలా చిన్నది. ఆరాధనలు గ్రంథంలో అవతరించిన విధంగానే ఆచరించాలనీ, ‘ఉమూరె సియాసియ్యా’ అన్నీ ‘బైతుల్ అద్ల్’కు, అనగా న్యాయసభకు, అప్పగించాలనీ దాని సారాంశం. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వచ్చిన ఆంగ్లానువాదం ఈ మాటకు ‘పరిపాలనా వ్యవహారాలు’ అని అర్థం చెప్పింది. 1978లో హైఫాలోని బహాయీ ప్రపంచ కేంద్రం ప్రచురించిన సంపుటిలో అదే మాట ‘రాజ్య వ్యవహారాలు’ అయింది. మూలంలో ఒక్క అక్షరమైనా మారలేదు. మొదటి అనువాదం చదివినవారికి తన లోపలి పనులు చక్కబెట్టుకొనే ఒక మతసంఘపు కార్యవర్గం కనిపిస్తుంది. రెండవది చదివినవారికి ప్రభుత్వం కనిపిస్తుంది. బహాయీ మతంలో రాజకీయానికి ఉన్న స్థానం గురించిన వాదోపవాదాలలో చాలా భాగం ఈ రెండు అనువాదాల మధ్య ఉన్న ఎడంలోనే ఇమిడి ఉంది.

తప్పు అనువాదకులది మాత్రమే అనడం న్యాయం కాదు. ‘సియాసత్’ మొదటినుంచీ ఒకచోట నిలిచే మాట కాదు. నిజాముల్ ముల్క్ ‘సియాసత్‌నామా’లో అది రాజనీతి. ఇబ్నె తైమియా ‘అస్సియాసతుష్షరయియ్యా’లో అది షరీఅత్‌కు లోబడిన పాలన. మొగలుల నాటి ఫారసీ చరిత్రలలో అదే మాట శిక్షకూ, ఒక్కొక్కచోట మరణశిక్షకూ వాడబడింది. ఇక నేటి ఉర్దూలో సియాసత్ అంటే పార్టీలు, ఎన్నికలు, పదవులు; 1949లో హైదరాబాదులో ప్రారంభమైన దినపత్రిక పేరుగా ఈ మాట తెలుగు ముస్లింలలో చాలామందికి రోజూ కంటబడేదే. ఈ నాలుగు అర్థాలలో బహాఉల్లాహ్ ఉద్దేశించినది ఏది? ఆ చిన్న ఇష్రాఖ్ ఒక్కదానితో దీనిని తేల్చడం సాధ్యం కాదు. ఆయన ఇతర రచనలనూ, ఆయన వారసుల రచనలనూ పక్కన పెట్టుకొని చదవాలి.

బహాఉల్లాహ్ ఏ అనుభవం నుంచి మాట్లాడాడో ముందు గుర్తుంచుకోవాలి. 1844లో షీరాజ్‌లో బాబ్ లేవదీసిన ఉద్యమం కొద్ది సంవత్సరాలలోనే షేఖ్ తబర్సీ, నైరీజ్, జంజాన్‌లలో ఆయుధపోరాటాలకు దారితీసింది. 1850లో బాబ్‌ను తబ్రీజ్‌లో కాల్చి చంపారు. 1852లో కొందరు బాబీలు నాసిరుద్దీన్ షాపై హత్యాప్రయత్నం చేయగా, దాని పర్యవసానంగా బహాఉల్లాహ్ టెహరాన్‌లోని చీకటి కొట్టులో బంధింపబడ్డాడు. ఆ మార్గాన్ని ఆయన పూర్తిగా విడిచిపెట్టాడు. 1860ల చివర నెపోలియన్ 3, విక్టోరియా రాణి, రష్యా జార్, పోప్, నాసిరుద్దీన్ షా మొదలైనవారికి రాసిన లేఖలలోనూ, ‘కితాబె అఖ్దస్’లోనూ, వీలునామా అయిన ‘కితాబె అహ్ద్’లోనూ ఆయన చెప్పినది దాదాపు ఒక్కటే: రాజ్యాలు రాజులవి, తాను కోరేది హృదయాలను మాత్రమే. విక్టోరియాకు రాసిన లేఖలో పాలనా బాధ్యతను ప్రజా ప్రతినిధుల సంప్రదింపులకు అప్పగించడాన్ని మెచ్చుకున్నాడు. ఇవన్నీ కలిపి చదివితే, మతాధికారమూ రాజ్యాధికారమూ వేర్వేరు అన్నదే మూలపురుషుని అభిప్రాయమని ఒప్పుకోక తప్పదు. ఆ వెలుగులో చూస్తే పాత అనువాదమే భావానికి దగ్గరగా ఉంది.

ఆయన కుమారుడు అబ్దుల్ బహా వద్దకు వచ్చేసరికి విషయం జటిలమవుతుంది. 1875లో రాసి, 1882లో బొంబాయిలో పేరు లేకుండా రాతి అచ్చులో వెలువరించిన ‘రిసాలయె మదనియ్యా’ ముస్లిం పాఠకునికి సుపరిచితమైన భాషలో నడిచే పుస్తకం. ఆలిమ్ ఎలా ఉండాలో చెప్పే ఒక రివాయత్‌ను తీసుకొని, ఒక్కొక్క పదాన్నీ విప్పుతూ, ఇరాన్ సంస్కరణకు ఉలమాల తోడ్పాటు ఎంత అవసరమో అది వివరిస్తుంది. అదే కలం 1892-93 ప్రాంతంలో రాసిన ‘రిసాలయె సియాసియ్యా’లో ఉలమాలను రాజకీయాల దరిదాపులకు రావద్దంటుంది. మతపెద్దలు రాజ్యంలో జోక్యం చేసుకున్నప్పుడల్లా దేశానికి కీడే జరిగిందని చెప్పడానికి చరిత్రనుంచి ఉదాహరణలిస్తుంది: ఉలమాల ప్రోద్బలంతో 1826లో రష్యాతో జరిగిన యుద్ధం, 1876లో ఉస్మానీ సుల్తాన్ అబ్దుల్ అజీజ్ పదచ్యుతి మొదలైనవి.

ఈ పుస్తకం బలహీనత ఇక్కడే ఉంది. అది వెలువడిన సందర్భం పొగాకు ఉద్యమం. 1890లో షా ఇరాన్ పొగాకు వ్యాపారాన్ని మొత్తంగా ఒక ఆంగ్లేయునికి కట్టబెట్టాడు. 1891 డిసెంబరులో మీర్జా హసన్ షీరాజీ పేర వెలువడిన ఫత్వాతో దేశమంతా హుక్కా మానేసింది. 1892 ఆరంభంలో షా ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోక తప్పలేదు. ఉలమాల జోక్యం ప్రజలకు మేలు చేసిన సందర్భాలను వెదికేవారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. తుర్క్‌మన్‌చాయ్ సంధి నష్టాన్ని ఉలమాల ఖాతాలో వేసిన కలం, దేశసంపదను పరాయివారికి ధారపోసిన రాజు ఖాతాను మాత్రం అంత నిశితంగా తిరగేయలేదు. పాలకుని రక్షణ తప్ప వేరే ఆధారం లేని ఒక చిన్న సమాజానికి నాయకత్వం వహించేవారి జాగ్రత్త అది అనుకుంటే అర్థం చేసుకోవచ్చు. కాని జాగ్రత్త వేరు, సిద్ధాంతం వేరు.

మరింత పెద్ద చిక్కు అబ్దుల్ బహా వీలునామాలో ఉంది. న్యాయసభ ‘తష్రీఅ’ చేస్తుందనీ, అనగా చట్టం నిర్మిస్తుందనీ, ప్రభుత్వం ‘తన్‌ఫీజ్’ చేస్తుందనీ, అనగా అమలు జరుపుతుందనీ, రెండూ ఒకదానికొకటి తోడ్పడాలనీ అందులో ఉంది. ఒకరు చట్టం చేసి మరొకరు దానిని అమలు జరిపితే ఆ రెండింటినీ వేర్వేరు రాజ్యాలనడం ఎలా? అవి ఒకే రాజ్యానికి రెండు చేతులు కావా?

1921లో నాయకత్వం స్వీకరించిన షౌఖీ అఫందీ ఈ రెండు ధోరణులనూ పక్కపక్కనే నిలబెట్టాడు. తన అనుచరులు ఏ రాజకీయ పక్షంలోనూ చేరరాదన్నాడు. తమ సంస్థలు ఏ దేశ ప్రభుత్వ స్థానాన్నీ ఆక్రమించాలని కోరవని 1932లో స్పష్టంగా రాశాడు. అదే షౌఖీ అఫందీ తన సమాజం నడవబోయే దశలను వివరిస్తూ, రాజమతంగా గుర్తింపునూ, ఆ తర్వాత బహాయీ రాజ్యాన్నీ, చివరకు ప్రపంచ కామన్‌వెల్త్‌నూ పేర్కొన్నాడు. 1963లో మొదటిసారి ఎన్నికైన విశ్వ న్యాయసభ 1995 ఏప్రిల్‌లో రాసిన ఒక లేఖలో ఈ రెండింటినీ పొసగించడానికి ప్రయత్నించింది: బహాయీలు అధికారాన్ని లాక్కోరు, అయితే ఒక దేశం తనంతట తాను రాజ్యాంగబద్ధంగా బహాయీ చట్టాలను స్వీకరిస్తే దానికి అడ్డులేదు. సెన్ మెక్‌గ్లిన్ అనే బహాయీ పరిశోధకుడు, మతమూ రాజ్యమూ శాశ్వతంగా వేరుగా ఉండాలన్నదే మూలగ్రంథాల భావమని వాదిస్తూ 2005లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అదే సంవత్సరం ఆయన పేరును సభ్యత్వ పట్టికనుంచి తొలగించారు. ఒక మాట అర్థం గురించిన వాదానికి ఇంత వెల ఉందంటే, అది నిఘంటువుకు మాత్రమే సంబంధించిన వాదం కాదు.

ఈ సందర్భంలో ముస్లిం విమర్శ ఎలా నడిచిందో కూడా చూడాలి. దైవప్రవక్త ముహమ్మద్ (స) అంతిమ ప్రవక్త అనే విశ్వాసం దగ్గర బహాయీ మతంతో ఇస్లాంకు ఉన్న భేదం మౌలికమైనది. దానిని దాచవలసిన పనిలేదు. కాని అనేక పుస్తకాలు ఆ భేదాన్ని చర్చించడం మాని గూఢచర్య కథలు అల్లాయి. ప్రపంచ కేంద్రం హైఫాలో ఉండటమే సాక్ష్యమన్నాయి. బహాఉల్లాహ్‌ను 1868లో అక్కాకు పంపినది ఉస్మానీ ప్రభుత్వం. బాబ్ అవశేషాలు కార్మెల్ కొండపై ఖననమైనది 1909లో. ఇజ్రాయెల్ ఏర్పడినది 1948లో. 1920లో బ్రిటిషు ప్రభుత్వం అబ్దుల్ బహాకు ఇచ్చిన సర్ బిరుదు విమర్శించదగినదే, కాని అది కరువు సమయంలో ధాన్యం పంచినందుకు ఇచ్చినది. బిరుదు వేరు, గూఢచర్యం వేరు. ఒక జాతిపై ఉన్న ద్వేషం న్యాయం తప్పేలా చేయరాదని ‘అల్ మాయిదా’ సూరా ఎనిమిదవ ఆయత్ ఆదేశిస్తున్నది. ఆ ఆదేశం ఇలాంటి చోట్లే పరీక్షకు వస్తుంది.

1979 తర్వాత ఇరాన్‌లో రెండు వందల మందికి పైగా బహాయీలు చంపబడ్డారు. 1983 ఆగస్టు చివర అక్కడి ప్రాసిక్యూటర్ జనరల్ వారి పాలనా సంస్థలను నిషేధించాడు. వారు ఆ సంస్థలను తామే రద్దు చేసుకున్నారు. తమ జాతీయ సభ సభ్యులను అంతకుముందే పోగొట్టుకొన్న సమాజం తమను హింసించే ప్రభుత్వ ఆజ్ఞను కూడా పాటించిందంటే, ప్రభుత్వానికి విధేయత అన్న వారి మాటను నటన అనడం కష్టం.

కనుక అడగవలసిన ప్రశ్న కుట్ర గురించినది కాదు. బైతుల్ అద్ల్ ఎన్నికలో ఓటు బహాయీలకే ఉంది, సభ్యత్వం బహాయీ పురుషులకే. రేపు ఏదో ఒక దేశం ఆ చట్టాలను స్వచ్ఛందంగానే స్వీకరించిందనుకొందాం. ఆ దేశంలో బహాయీ కాని పౌరుడు తనకు ఓటు లేని సభ నిర్మించిన చట్టానికి ఏ హోదాలో లోబడతాడు? జిమ్మీల హక్కుల గురించి పన్నెండు శతాబ్దాలకు పైగా ఫిఖ్‌హ్ గ్రంథాలు రాసినవారికీ, ఆ గ్రంథాలనే ఆధునికులు నిలదీయగా సమాధానం వెదుకుతున్నవారికీ ఈ ప్రశ్న బరువు తెలుసు. ‘ఉలుల్ అమ్ర్’ అంటే పాలకులా, పండితులా అని ‘అన్నిసా’ సూరా 59వ ఆయత్ వద్ద ముఫస్సిర్లు ఇప్పటికీ రెండు వైపులా నిలబడే ఉన్నారు. బహాయీ పండితులను ఆ ప్రశ్న అడిగేవారు తమ సొంత అల్మారాలోని పుస్తకాలను కూడా బల్లపై పరచి ఉంచుకోవాలి.