రెప్పపాటుతో దూరమును కొలుచుట

దారి యడిగినవానికి దూరమును మైళ్లలో గాక కాలములో చెప్పు ఆచారము నా బాల్యమునాటికి మా పల్లెలో ఇంకను పోలేదు. పొరుగూరెంత దూరమనిన 'చుట్ట కాల్చినంతసేపు' అనువారు, బాటసారియు తన నడకను బట్టి లెక్క సరిపెట్టుకొనువాడు. పిమ్మట నేను కళాశాలలో భౌతికశాస్త్రము బోధింప మొదలిడినపుడు, ఖగోళజ్ఞులు చేయునదియు ఈ విద్యయే యనియు, వారు చుట్టకు మారుగా కాంతిని పట్టిరనియు తోచి మురిసిపోతిని. ఆకాశమున నొక వస్తువు సెకనులో వెయ్యవవంతు కాలమున మినుకుమని మారినచో, అది ఆ వ్యవధిలో కాంతి పోగల దూరమునకు, అనగా 300 కిలోమీటర్లకు, మించినది కాజాలదు; ఏలయన అంతకన్న పెద్దదైనచో దాని ఆవలి అంచు వెలుతురు ఆలస్యముగా వచ్చి ఆ మార్పును చెరిపివేయును.

ఈ కొలతకు లోనైన వాటిలో హ్రస్వ గామాకిరణ విస్ఫోటములంత వింతవి నేనెరుగను. అణుపరీక్షల నిషేధమును ఎవరైన అతిక్రమింతురేమో కనిపెట్టుటకు అమెరికావారు పంపిన వేలా ఉపగ్రహములు 1967 జూలై 2న, ఏ బాంబునకును చెందని గామాకిరణముల మెరపు నొకదానిని నమోదు చేసినవి. అట్టి మెరపుల సంగతి 1973లో గాని ప్రకటితము కాలేదు. 1991లో ఎగిరిన కాంప్టన్ పరిశోధనశాల వందలకొలది విస్ఫోటములను పరిశీలింపగా, అవి 2 సెకనుల గీతకు ఇరుప్రక్కల రెండు గుంపులుగా విడిపోయినవి. దీర్ఘములు మహానక్షత్రముల మరణములనియు, హ్రస్వములు రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఒకదానినొకటి చుట్టి చుట్టి తుదకు ఢీకొనుటవలన గలుగుననియు అభిప్రాయము బలపడినది. (ఆ గీతయు శాశ్వతము కాలేదు: 2021 డిసెంబరులో 50 సెకనులపాటు సాగిన యొక విస్ఫోటము వెనుక, అట్టి సంగమమునకు గుర్తైన కిలోనోవా కాంతియే కనబడినది.)

300 కిలోమీటర్ల లెక్కను నేను ఏటేట నల్లబల్లపై వ్రాసి, సున్న చుట్టి, గర్వముగా వెనుకకు తిరుగుచుండువాడను. ఒక యేడు వెనుకబల్లనుండి ఒక విద్యార్థిని లేచి, "అంత చిన్న చోట అంత శక్తిని కూరితే వెలుగు బయటికెలా వస్తుంది సార్?" అని యడిగినది. గంట కొట్టినందున బ్రతికితిని. ప్రశ్న న్యాయమైనది. అట్టి ఇరుకులో గామాకిరణములు తమలో తాము తాకుకొని ఎలక్ట్రాను, పాజిట్రానుల జంటలుగా మారిపోవును. ఆ దట్టమైన మంచును దాటి గామా వెలుగు మనను చేరనే చేరదు. కాని చేరుచున్నది.

చిక్కు విడుట యెట్లన, వెలిగెడు పదార్థము ఇంచుమించు కాంతివేగముతో మనవైపే దూసుకొని వచ్చుచున్నది. ఉత్తరము టపాలో వేసినవాడు ఆ టపాబండి వెనుకనే పరుగెత్తుచు నెల గడచిన పిదప త్రోవలో రెండవ ఉత్తరము వేసినచో, రెండును మనకు ఒక్కపూటలోనే అందును. మనము అవి ఒకేనాడు వ్రాసినవని భ్రమింతుము. గమనముచే కాలము నూరురెట్లు మందగించునంతటి వేగమున్నచో, నా 300 కిలోమీటర్లు సుమారు 60 లక్షల కిలోమీటర్లగును. శక్తిని పుట్టించు యంత్రము చిన్నదే, కాని వెలుగు విడివడు తావు దానికి బహుదూరమున నున్నది. నేను రెంటిని ఒకటిగా చెప్పుచుంటిని.

2017 ఆగస్టు 17న, మన గడియారమున సాయంకాలము 6 గంటల 11 నిమిషములకు, 13 కోట్ల కాంతి సంవత్సరముల దూరమునుండి రెండు న్యూట్రాన్ నక్షత్రముల సంగమపు గురుత్వ తరంగములు వచ్చినవి, 1.7 సెకనుల తరువాత ఫెర్మి ఉపగ్రహము గామా మెరపును చూచినది. అంత దగ్గరిదయ్యు ఆ మెరపు దుర్బలము, ఏలయన ఆ దూసుకొనివచ్చు పదార్థపు ధార సూటిగా మనవైపునకు గాక కొంత ప్రక్కకు వంగియుండెను. ఆ వంపే ఉపకరించినది: పిమ్మటి నెలలలో రేడియో దూరదర్శినులు చూడగా, ఆ ధార ఆకాశమున కాంతికి నాలుగురెట్ల వేగముతో జరిగినట్లు కనబడినది. అది ఆ రెండుత్తరముల భ్రమయే, కొలతకు చిక్కిన రూపమున.

ఆ విద్యార్థిని ఎచటనైన ఈ కాలమ్ చదువుచున్నచో, ఆనాడు నేనీయవలసిన సమాధానమిది, ఆలస్యమునకు క్షంతవ్యుడను.