కాలు తీసేముందు

షుగరు జబ్బు మీద తెలుగులో పుస్తకాలకు కొదవ లేదు. ఏం తినాలి, ఏం మానాలి, ఎంత దూరం నడవాలి అన్న వాటి చుట్టూనే అవి తిరుగుతాయి. పాదం దగ్గరికి వచ్చేసరికి శుభ్రంగా ఉంచుకోమని ఒక ముక్క చెప్పి ఊరుకుంటాయి. ఈ పుస్తకం మాత్రం మొదటి పుట నుంచి చివరి పుట దాకా పాదాన్నీ, దానికి రక్తం తెచ్చే నాళాలనీ పట్టుకునే ఉంది. నా దగ్గర సర్జరీ నేర్చుకుని, ఆపైన రక్తనాళాల శస్త్రచికిత్సలో పేరు తెచ్చుకున్న డాక్టరమ్మ దీన్ని రాసింది. రాతప్రతి చదువుతుంటే, ఇలాంటిది మనకు ఎప్పుడో రావలసిందనిపించింది.

మన సర్జికల్ వార్డుల్లో ఒక మాట చాలాకాలం చెలామణీ అయింది. షుగరు వాళ్లకు సన్నటి నాళాలన్నీ పూడుకుపోతాయి, ఇక చేసేదేమీ లేదు, మోకాలి కింద తీసేద్దాం అని. దీనికి బలమిచ్చింది 1959లో వచ్చిన ఒక పరిశోధన. తీసేసిన కాళ్ల ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి చేసిన నిర్ధారణ అది. 1984లో లొగెర్ఫో, కాఫ్‌మన్ అనే అమెరికన్ వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ అభిప్రాయాన్ని గట్టిగా ఖండించారు. షుగరులో అడ్డు ఎక్కువగా పడేది మోకాలికీ చీలమండకీ మధ్యనున్న ధమనుల్లో. పాదంలోని ధమనులు చాలామందిలో తెరిచే ఉంటాయి. కాలువ మధ్యలో పూడిక పడి చివరి మడి ఎండితే, మడిలోని బోదెను తప్పుపట్టి ఏం లాభం? రోగి సిరనే తీసి పాదం మీది ధమనికి కలిపే బైపాస్‌కైనా, బెలూన్‌తో నాళాన్ని విప్పడానికైనా ఈ ఎరుకే ఆధారం. కేశనాళికల గోడలు మందమవుతాయన్నది నిజమే. అంతమాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదని రచయిత్రి బొమ్మలు వేసి మరీ చూపించింది.

ఈ భాగంలో నాకు బాగా నచ్చినది చీలమండ బీపీ గురించిన హెచ్చరిక. చీలమండ దగ్గర కొలిచిన బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వచ్చినప్పుడు కాలి నాళాల్లో అడ్డు ఉన్నట్టు. అయితే ఏళ్ల తరబడి షుగరున్న వాళ్లలో ధమని గోడకు సున్నం పట్టి, కఫ్‌లోకి ఎంత గాలి కొట్టినా నాళం నొక్కుకోదు. అంకె 1.4 దాటుతుంది. చూసినవాళ్లు రక్తప్రసారం బాగుందని కేసుషీట్లో రాసేస్తారు. అప్పుడు కాలి బొటనవేలి పీడనం చూడాలి, అక్కడి సన్న నాళాలకు సున్నం అంతగా పట్టదు. అది 30 మిల్లీమీటర్లకు దిగువన ఉంటే, రక్తం దారి తెరవకుండా ఎన్ని కట్లు కట్టినా పుండు మానే ఆశ చాలా తక్కువ.

స్పర్శ పోయిన పాదం గురించి రాసిన అధ్యాయంలో పాల్ బ్రాండ్‌ను తలచుకోవడం నాకెంతో సంతోషం కలిగించింది. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన ఆయన, 1946 నుంచి మన చిత్తూరు సరిహద్దుకు ఆవలే ఉన్న వేలూరులో కుష్ఠురోగుల చేతులకూ కాళ్లకూ వైద్యం చేశారు. వేళ్లు జబ్బుతో వాటంతటవే కుళ్లి రాలిపోవు, నొప్పి తెలియక తగిలించుకున్న దెబ్బల వల్ల పోతాయి అని నిరూపించారు. ఆ తర్వాత అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో అదే సూత్రాన్ని షుగరు పాదాలకూ వర్తింపజేశారు. అరికాలికి అతుక్కునేలా ప్లాస్టరు కట్టు వేసి, పుండు మీద పడే బరువును కాలంతటికీ పంచే పద్ధతి ఈనాటికీ మొదటి వరుస చికిత్సే. వేలూరులో కుష్ఠురోగుల కోసం తయారైన మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎమ్‌సీఆర్) చెప్పులే ఇవాళ మన ఊళ్లలో షుగరు వాళ్లు అడిగి కొనుక్కుంటున్నవి.

రచయిత్రి చేతి నేర్పు తెలియాలంటే ఆనె చెక్కడం గురించి రాసిన రెండు పుటలు చదవాలి. పైకి పసుపుపచ్చగా, గట్టిగా కనిపించే ఆనెలో చిన్న నల్లటి మచ్చ ఉంటే, అది లోపల చిట్లిన రక్తం. బ్లేడుతో పొరలు పొరలుగా తీస్తూ పోతే కింద తడి తగులుతుంది, ఆ వెంటనే చీము. అక్కడ శుభ్రమైన స్టీలు పుల్లను మెల్లగా పెట్టినప్పుడు కొస గట్టిగా, గరుగ్గా తగిలితే ఎముక దాకా చేరిందని అనుమానించాలి. రోగికి ఇదేమీ నొప్పి పుట్టదు, కబుర్లు చెబుతూనే ఉంటాడు. ఆ కబుర్లే మనల్ని ఏమరుస్తాయి.

కొత్త మందుల మీద మోజు లేకుండా రాయడం కూడా మెచ్చదగినదే. చక్కెర ఎక్కువైన రక్తంలో తెల్లకణాలు మందగిస్తాయి, కొత్త కేశనాళికలు సరిగా మొలకెత్తవు, పుండు వాపు దశలోనే ఆగిపోతుంది. గ్రోత్ ఫ్యాక్టర్ జెల్, వాక్యూమ్ డ్రెస్సింగ్ ఇక్కడ సాయపడవచ్చు. కానీ చచ్చిన కండ తీయకుండా, బరువు తప్పించకుండా, రక్తం అందించకుండా వాటికి వేలకు వేలు పోయించడం అన్యాయమని ఆమె నిష్కర్షగా రాసింది. నేనూ అదే అంటాను. చీము నిండి జ్వరం కాస్తుంటే నాళాల పరీక్షల కోసం ఆగకుండా ఆ రోజే కోసి చీము తీయాలనీ, విషం ఒళ్లంతా పాకినప్పుడు ప్రాణం కోసం కాలిని వదులుకోక తప్పదనీ కూడా దాచకుండా చెప్పింది.

గుడి ప్రదక్షిణల్లో కాలే బండలు, దీక్షల్లో ఉత్తకాళ్ల నడక, వాచిన వేళ్లకు బిగుసుకునే మెట్టెలు, తిమ్మిర్లకు పెట్టే వేడినీళ్ల కాపడం, వీటన్నిటికీ ఇందులో చోటు దొరికింది. భక్తిని నొప్పించకుండా ప్రమాదం చెప్పగలగడం తేలిక కాదు. నడిచే చోట మేజోళ్లు వేసుకోమని, ఇంటికి రాగానే అరికాళ్లు అద్దంలో చూసుకోమని ఆమె ఇచ్చిన సలహా ఆచరించదగ్గది.

మలి ముద్రణకు నాదొక కోరిక. పొగాకు గురించి రెండు పేరాలతో సరిపెట్టింది, అది చాలదు. చుట్ట, బీడీ, ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పు కొస నోట్లో పెట్టి కాల్చే అడ్డచుట్ట, వీటి మీద ఒక అధ్యాయమే ఉండాలి. షుగరుకు పొగ తోడైన కాలికి నాళాలు బాగుచేసినా మళ్లీ మూసుకుపోతుంటాయి. ప్రచురణకర్తలకు ఇంకో మాట. చివరనున్న పాద పరీక్ష పట్టికను విడిగా, పెద్దక్షరాలతో అచ్చువేసి ఏఎన్ఎమ్‌లకూ ఆశా కార్యకర్తలకూ అందించండి. పది గ్రాముల నైలాన్ పోగు అరికాలికి ఎలా ఆనించాలో అందులో బొమ్మతో సహా ఉంది, నేర్చుకోవడానికి ఒక పూట చాలు. మా డాక్టరమ్మకు నా ఆశీస్సులు.