గడ్డి ఉంటేనే బుట్ట

గడ్డి బుట్ట చేతికొస్తే నేను ముందు దాన్ని తిప్పి అడుగు చూస్తాను. పని మొదలయ్యేది అక్కడే. అమెరికాలో దక్షిణ కరొలైనా తీరాన, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులైన గల్లా మహిళలు కుట్టే స్వీట్‌గ్రాస్ బుట్టలకు అడుగున, నట్టనడుమ, చిన్న ముడి ఉంటుంది. దాని చుట్టూ గడ్డి పాయను తిప్పుతూ, ఒక్కో చుట్టునూ ముందు చుట్టుకు కలిపి కుడతారు. పామెట్టో అనే తాటిజాతి చెట్టు ఆకు చీలికే దారం. అరగదీసిన పాత చెంచా కాడతో గడ్డిలో సందు చేసి, చీలికను దూర్చి బిగిస్తారు. పాయ సన్నబడినప్పుడల్లా కొత్త పోచలు కలపాలి, కలిపిన చోటు కంటికి ఆనకూడదు. పెద్ద బుట్టకు నెలలు పట్టొచ్చు.

పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన మనుషులతో వచ్చిన విద్య ఇది. వాళ్లలో తరతరాలుగా వరి పండించినవాళ్లు ఎందరో. దంచిన వడ్లలో ఊక చెరగడానికి వెడల్పాటి గడ్డి పళ్లేలు కుట్టుకున్నారు. మన చాట చేసే పనే. కరొలైనా భూస్వాములను కుబేరుల్ని చేసిన వరిలో వాళ్ల చెమటతోపాటు వాళ్ల సేద్యపు తెలివీ ఉంది. అది మరిచి ఈ బుట్టను అలంకారంగా చూడటం నాకు చేతకాదు.

చార్ల్‌స్టన్ పక్కనున్న మౌంట్ ప్లెజెంట్‌లో 17వ నంబరు హైవే వెంట 1930ల నుంచి వీటిని అమ్ముతున్నారు. 2006లో రాష్ట్రం స్వీట్‌గ్రాస్ బుట్టను తన అధికారిక హస్తకళగా ప్రకటించింది. 2008లో ఈ బుట్టలు కుట్టే మేరీ జాక్సన్ అనే కళాకారిణికి మెకార్థర్ ఫెలోషిప్ దక్కింది. ఇంత గౌరవం వచ్చినా గడ్డి దొరకడం మాత్రం కష్టమైంది. అది పెరిగేది తీరంలో, ఇసుక దిబ్బల వెనుక. వేళ్లు కదలకుండా పోచలు లాగితే దుబ్బు మళ్లీ చిగురిస్తుంది. కానీ ఆ నేలలో రిసార్టులు, గేట్ల వెనుక కాలనీలు లేచాయి. తల్లులు, అమ్మమ్మలు గడ్డి కోసుకున్న చోటికి కూతుళ్లకు దారి లేదు. గడ్డి కోసం పక్క రాష్ట్రాల దాకా వెళ్లాల్సి వస్తోంది.

పొణికి కర్ర కరువైన నిర్మల్ బొమ్మల కళాకారులకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. హస్తకళను కాపాడతామనే ప్రభుత్వాలు శిక్షణలు, అవార్డులతో ఆగిపోతే చాలదు. ముడిసరుకు పెరిగే నేలను కాపాడాలి, అక్కడికి వెళ్లే హక్కును పనివాళ్లకు రాసివ్వాలి. కొనే మనం కూడా ధర అడిగే నోటితో గడ్డి ఎక్కడిదని అడగాలి. జవాబు విన్నాక బేరమాడకుండా డబ్బు చెల్లించాలి.