దళాల లెక్క, మనుషుల లెక్క

దళాల చరిత్ర రాయడంలో ఒక చిక్కుంది. పేర్లు, తేదీలు, దాడులు వరుసగా రాసుకుంటూ పోతే రికార్డు తయారవుతుంది గాని అందులో మనిషి కనిపించడు. పుచ్చలపల్లి సుందరయ్యగారి 'వీర తెలంగాణ విప్లవ పోరాటం - గుణపాఠాలు' మళ్ళీ చదివినప్పుడు నాకు ఈ సంగతే తోచింది.

1972లో మొదట ఇంగ్లీషులో వెలువడిన ఈ గ్రంథం 1946-51 నాటి సాయుధ పోరాటానికి ముఖ్యమైన ఆధారం. 3,000 గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం, గ్రామదళాల్లో 10,000 మంది, గెరిల్లా దళాల్లో 2,000 మంది, 4,000 మరణాలు - ఈ అంకెలు ఇందులోవే. జీతం లేని సైన్యానికి సర్వీసు రిజిస్టరు ఉండదు. ఊరూరా చనిపోయినవారి పేర్లు పోగుచేసి ఆ లోటు తీర్చడం సుందరయ్యగారి గొప్పతనం.

లోపమూ అక్కడే ఉంది. ఆయన పోరాట నాయకుడు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చాక కూడా పోరాటం సాగించడం సబబేనని ఆయన వాదన. అదే పోరాటంలో నాయకుడైన రావి నారాయణరెడ్డిగారు దాన్ని ఒప్పుకోలేదు. ఈ వాదంలో పడి దళసభ్యుడి చావు కూడా ఒక్కోచోట సాక్ష్యంగా మారిపోతుంది.

స్త్రీలకు ఆయన ఒక అధ్యాయమే కేటాయించారు. అయినా 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పక్కన పెట్టుకుని చదివితే తేడా తెలుస్తుంది. అక్కడ ఐలమ్మ, స్వరాజ్యం, కమలమ్మ తమ సంగతి తామే చెప్పుకుంటారు. అడవిలో ఉండి కన్నబిడ్డను ఇతరులకు ఇచ్చేయవలసి వచ్చిన కమలమ్మ దుఃఖాన్ని ఏ పద్దు కింద రాస్తాం?

బ్యాంకులో మొత్తం సరిపోయింది కదా అని సంతకం పెట్టం; వోచర్లు తీసి చూస్తాం. సుందరయ్యగారిది మొత్తం. ఆ స్త్రీల మాటలు వోచర్లు. రెండూ కావాలి.

మన కిన్వట్ తాలూకా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోదే. నిజాం పాలన, రజాకార్ల భయం మన పెద్దలూ చూసినవే. ఏటా సెప్టెంబరు 17న మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం జరుపుకుంటున్నాం, మంచిదే. మరి మాండవిలో, చుట్టుపక్కల ఊళ్ళలో అవ్వలు, తాతలు తెలుగులో చెప్పుకున్న సంగతులు ఎవరం రాసిపెట్టాం? నాటి పదేళ్ళ పిల్లలకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. ఇందుకు పెద్ద రచయితలు అక్కరలేదు. పేరు, ఊరు, జరిగిన సంగతి వాళ్ళ మాటల్లోనే ఒక నోటుబుక్కులో రాస్తే చాలు. ఈ నెలలోనే మొదలుపెడదాం.