చినసత్యం సంతకం

కూచిపూడి అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఇత్తడి పళ్ళెం. అంచుల మీద పాదాలు, తలమీద నీళ్ళచెంబు, చుక్క తొణక్కుండా తరంగం. చప్పట్లన్నీ అక్కడే. నాకు ఆ పళ్ళెం మీద పెద్ద మోజు లేదు. పళ్ళెం గుర్తుండిపోయింది, సిద్ధేంద్రయోగి కథ గుర్తుండిపోయింది. ఈ నాట్యాన్ని ఇవాళ మనం స్టేజి మీద చూసే రూపంలోకి తెచ్చిన మనిషి మాత్రం ఫోటోకి దండేసి దణ్ణం పెట్టుకునే గురువుగారిగా మిగిలిపోయారు. వెంపటి చినసత్యాన్ని నాట్యాచార్యుడు అంటాం, పద్మభూషణ్ అంటాం. ఒక సినిమా దర్శకుణ్ణి చూసినట్టు, ఇది ఈయన చేసిన పని, ఇక్కడ ఈ నిర్ణయం తీసుకున్నారు, ఇక్కడ పక్కకి తప్పుకున్నారు అని మాత్రం చూడం.

ఈ తేడా నాకు తట్టింది 2021లో వచ్చిన 'ఐలీ' అనే డాక్యుమెంటరీ వల్ల. ఆల్విన్ ఐలీ నల్లజాతి అమెరికన్, ఆధునిక నృత్య దర్శకుడు. 1931లో టెక్సాస్‌లో పుట్టాడు. తల్లి పత్తి చేలల్లో కూలికి పోయింది. తండ్రి పసితనంలోనే వదిలేసి పోయాడు. లాస్ ఏంజెలెస్‌లో లెస్టర్ హార్టన్ దగ్గర నేర్చుకుని, న్యూయార్క్ వెళ్ళి, 1958లో సొంత కంపెనీ పెట్టాడు. 1960లో 'రెవలేషన్స్' చేశాడు. అందులో ఉన్నది తను చిన్నప్పుడు చూసిన చర్చి, బానిసల కాలం నుంచి వస్తున్న భక్తిగీతాలు. తెల్లబట్టల్లో మనుషులు పొడవాటి నీలం గుడ్డల మధ్య నడుస్తారు, అది నది అయిపోతుంది, బాప్తిస్మం అయిపోతుంది. 1962లో అమెరికా ప్రభుత్వమే ఆ కంపెనీని ఆసియా పర్యటనకి పంపింది. హోటల్లో తెల్లవాళ్ళ పక్కన కూర్చుని తినడానికి నల్లవాళ్ళకి చట్టం అండ దొరికింది 1964లో. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడటం ఐలీ మీద రాసేవాళ్ళకి అలవాటే. ఎవరి శరీరం, ఎవరి జ్ఞాపకం, కూర్చుని చూస్తున్నదెవరు అని అడగడం అక్కడ విమర్శలో భాగం. అడిగినంత మాత్రాన ఐలీ చిన్నబోలేదు.

చినసత్యం 1929లో పుట్టారు, ఐలీ కంటే ఏడాదికి పైగా పెద్ద. మా మైలవరం నుంచి ఆయన ఊరికి వెళ్ళాలంటే విజయవాడ దాటి, బందరు రోడ్డులో పామర్రు దాకా పోయి, చల్లపల్లి వైపు తిరగాలి. కూచిపూడి అగ్రహారంలో కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళే ఆడేవారు. ఆ ఇళ్ళలో పుట్టిన ప్రతి కుర్రాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది ఆనవాయితీ. మగవాళ్ళు ఆడవేషాలు వేయడం మన జిల్లాలకి వింతేం కాదు, స్థానం నరసింహారావుగారి పేరు ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ కూచిపూడిలో అది వంశపారంపర్య హక్కు. చినసత్యం మద్రాసు చేరి, సినిమాల్లో నృత్యదర్శకుడిగా ఉన్న పెద్ద సత్యం దగ్గర పనిచేసి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడ ఆ హక్కు తీసి పక్కన పెట్టారు. అగ్రహారంతో ఏ సంబంధమూ లేని ఆడపిల్లలు వచ్చి నేర్చుకున్నారు. శోభానాయుడు సత్యభామ అయింది, మంజుభార్గవి వచ్చింది. హర్షిత కామత్ 2019లో ప్రచురించిన 'ఇంపర్సనేషన్స్'లో ఈ మార్పు మీద మంచి చర్చ ఉంది. కూచిపూడి మగవాడు వేషం విప్పి గురువయ్యాడు, వేదిక ఆడవాళ్ళకి వదిలాడు.

ఇది మామూలు నిర్ణయం కాదు. అదే ఊళ్ళో పుట్టి, 2012లోనే పోయిన మరో మహానటుడు వేదాంతం సత్యనారాయణ శర్మ ఆఖరిదాకా సత్యభామగానే గుర్తుండిపోయారు. చినసత్యం ఆ దారి పట్టలేదు. యక్షగానంలో వదులుగా ఉండే అడుగుల్ని బిగించారు, గీతలు గీసినట్టు చేశారు. ఒక్కో పాత్ర వచ్చి రాత్రంతా ఆడే తీరుని రెండు గంటల నృత్యనాటకంగా మార్చారు. ఎస్.వి. భుజంగరాయశర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం తోడుగా 'శ్రీకృష్ణ పారిజాతం', 'క్షీరసాగర మథనం' లాంటివి చేశారు. వీటిని సంప్రదాయం అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మేం రాసే కోడ్‌లో ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో చరిత్ర మొత్తం ఉంటుంది. నాట్యంలో మార్పులన్నీ కలిపేసి సిద్ధేంద్రయోగి ఖాతాలో వేసేశాం.

ఇందులో లాభమే కాదు, నష్టమూ ఉంది. పాత భాగవతంలో సత్యభామ తన ప్రవేశదరువు తనే పాడుకునేది, మాట్లాడేది, సూత్రధారుడితో వాదులాడేది. కొత్త నృత్యనాటకంలో పాట పక్కన కూర్చున్న గాయకులకి వెళ్ళింది. అమ్మాయి పెదవులు కదుపుతుంది. అచ్చం సినిమా ప్లేబ్యాక్ లాగా. మద్రాసులో సినిమా పక్కనే పెరిగిన కళ కాబట్టి అది ఆశ్చర్యమేమీ కాదు. కానీ ఆడవాళ్ళు వేదిక మీదకి వచ్చిన సమయంలోనే వాళ్ళ గొంతు వేదిక దిగింది. చినసత్యం పనిలో నాకు మింగుడుపడని ముక్క ఇది.

రెండో ముక్క ఇంకా కష్టం. ఆంధ్రదేశంలో ఆడవాళ్ళు అంతకుముందు నాట్యం చేయలేదా? చేశారు. కలావంతుల కుటుంబాల స్త్రీలు భామాకలాపం, గొల్లకలాపం ఆడారు, క్షేత్రయ్య పదాలు పాడి అభినయించారు. తమ పాట తామే పాడారు కూడా. 1947 మద్రాసు దేవదాసీ చట్టంతో వాళ్ళ బతుకు మీద నేరం ముద్ర పడింది. సరిగ్గా ఆ తర్వాతి ఇరవై ఏళ్ళలోనే కొత్త రాష్ట్రానికి ఒక శాస్త్రీయ నృత్యం కావలసివచ్చింది, కూచిపూడి ముందుకొచ్చింది. అగ్రహారం తలుపు తెరుచుకుంది గానీ, లోపలికి పిలుపు వచ్చింది వీళ్ళకి కాదు, మంచి కుటుంబాల అమ్మాయిలకి. ఇది ఒక్క చినసత్యం తప్పని నేననను. 1980లో 'శంకరాభరణం' వచ్చినప్పుడు వేశ్య కూతురు తులసిగా నటించింది ఆయన శిష్యురాలు మంజుభార్గవే. కథలో సానుభూతికి చోటుంది. క్లాసులో చోటు వేరే సంగతి.

అందుకే ఆయన పనుల్లో నన్ను పట్టి ఆపేది 'చండాలిక'. టాగోర్ 1933లో రాసిన నాటకం దానికి మూలం. బౌద్ధభిక్షువు ఆనందుడు దాహమై ఒక పిల్లని నీళ్ళడుగుతాడు. నేను చండాలికని, నా చేతి నీళ్ళు తాగరాదు అంటుంది ప్రకృతి. మనుషులంతా ఒకటే అని తాగుతాడు. శోభానాయుడుకి పేరు తెచ్చిన పాత్రల్లో ఇదొకటి. రుక్మిణులూ పద్మావతులూ నిండిన ఆ జాబితాలోకి ఈ పిల్లని తీసుకురావడం చినసత్యం చేసిన ఎంపిక. ఆ ఎంపికకి ఆయన్ని మెచ్చుకోవాలి.

ఇక్కడే ఐలీ మళ్ళీ అడ్డొస్తాడు. ఆయన నర్తకులు నీలం గుడ్డల మధ్య మునిగినప్పుడు, వాళ్ళ తాతలు నిజంగా మునిగిన ఏటిని తలుచుకుంటున్నారు. ప్రకృతి చేతిలో కుండకి అలాంటి జ్ఞాపకం ఎక్కడినుంచి వస్తుంది? రుక్మిణికి నేర్పిన అరమండే ప్రకృతికీ, ఆ నిటారు వెన్నే, కాటుక దిద్దిన ఆ కళ్ళే. వాడబావి దగ్గర చేయి చాచలేక నిలబడే మనిషి వీపు ఎలా వంగుతుందో ఈ వ్యాకరణంలో పాఠం లేదు. అందంగా ఉండటం మానడానికి కూచిపూడి ఒప్పుకోదు. అవమానం కూడా భంగిమ అయిపోతుంది.

అయినా నీళ్ళ దగ్గర మాత్రం ఈ నాటకం నన్ను వదలదు. తరంగంలో చెంబు తలమీదుంటుంది, నీళ్ళు తొణక్కపోతే గొప్ప. ఇక్కడ చెంబు చేతిలోకి దిగుతుంది, నీళ్ళు ఒంపితేనే కథ. 'చండాలిక' ఎవరైనా మళ్ళీ వేస్తే ముందువరసలో కూర్చుని నేను చూసేది ఆ ఒంపే క్షణాన్నే. ఆనందుడి దోసిలికీ ఆమె వేళ్ళకీ మధ్య ఎంత ఎడం పెట్టారో, పెట్టింది ఎవరో.